చాలెంజ్ వాకింగ్ మొదలుపెట్టాలనుంది, పరుగు రాని వాడికి 100 మైళ్ళు సాధ్యమేనా?

స్టాక్‌పోర్ట్_నడక

అందరికీ నమస్తే. మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో ఉంటాను, వయసు 43, ఐటీ ఉద్యోగం, అదీ ఇంటి నుంచే కాబట్టి రోజంతా కుర్చీలోనే. పొద్దున్నే కెనాల్ గట్టు మీద ఓ గంట నడక అలవాటైంది. వీకెండ్ వాన లేకపోతే పక్కనే ఉన్న కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్ వైపు రైలెక్కి పది పన్నెండు కిలోమీటర్లు తిరిగొస్తుంటాను. ఈ మధ్య ఆఫీసులో ఒకాయన, యాభై దాటినవాడు, మే నెలాఖరు బ్యాంక్ హాలిడేకి 100 మైళ్ళ నడకకి వెళ్తున్నానని మామూలుగా చెప్పాడు. 48 గంటల్లో 160 కిలోమీటర్లట, రాత్రిళ్ళు కూడా నడుస్తారట, పోటీ కాదట, గెలిచేవాళ్ళు ఓడేవాళ్ళు ఉండరట. అప్పటి నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

నా సందేహాలు ఇవి. నాకు పరుగు అస్సలు పడదు, మోకాళ్ళు ఒప్పుకోవు, మరి నడక మాత్రమే వచ్చినవాళ్ళకి ఇది అవుతుందా? పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను, దారిలో తిండి సంగతేంటి? షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ మాత్రం వేసుకుంటున్నా. బూట్లు ఏవి కొనాలో ఇంటర్నెట్‌లో చదివిన కొద్దీ అయోమయం. అన్నిటికన్నా ముఖ్యంగా మా ఆవిడ "రాత్రంతా ఎవరూ లేని పొలాల్లో నడవడమేంటి" అని టెన్షన్ పడుతోంది. మనవాళ్ళలో ఎవరైనా చేస్తున్నారా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

---

షెఫీల్డ్_బాబాయ్

చేస్తున్నాం తమ్ముడూ. మంచి ప్రశ్న అడిగావు, తీరిగ్గా చెప్తాను.

మీ ఆఫీసాయన చెప్పింది ఎల్‌డీడబ్ల్యూఏ వాళ్ళ హండ్రెడ్. లాంగ్ డిస్టెన్స్ వాకర్స్ అసోసియేషన్ అని 1972లో అలన్ బ్లాచ్‌ఫర్డ్, క్రిస్ స్టీర్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. మరుసటేడు, 1973లో, మొదటి హండ్రెడ్ జరిగింది. ఏటా ఒక్కో ప్రాంతంలో, ఒక్కో లోకల్ గ్రూపు దీన్ని నడిపిస్తుంది, అందుకే దారి ఏటా మారుతుంది. అయితే నేరుగా దానికి పేరు ఇవ్వడం కుదరదు, ముందు 50 మైళ్ళ ఈవెంట్ ఒకటి పూర్తి చేసి ఉండాలి. ఈ నియమం నీ మంచికే. ఆ 50 మైళ్ళలోనే నీకేం తెలియదో అంతా తెలిసొస్తుంది.

నడక మాత్రమే వచ్చినవాళ్ళకి అవుతుందా అన్నావు. లెక్క వేసుకో. 160 కిలోమీటర్లు, 48 గంటలు, అంటే ఆగిన సమయంతో కలిపి సగటున గంటకి 3.4 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. నువ్వు కెనాల్ గట్టు మీద గంటకి 5 నడుస్తావనుకుందాం. అదే వేగంతో పోతే నడకకి 32 గంటలు, మిగతా 16 గంటలు కొండలకి, చీకటికి, తిండికి, అలసటకి. వినడానికి చాలా ఉన్నట్టుంటుంది కానీ ఆ 16 గంటలు ఎక్కడ ఆవిరైపోతాయో చూడు: దారిలో పేరు నమోదుకి, తిండికి ఆగే చెక్‌పాయింట్లు 15 ఉంటే ఒక్కో దగ్గర అరగంట కూర్చున్నా ఏడున్నర గంటలు పోయినట్టే, అదే పదేసి నిమిషాల్లో లేస్తే రెండున్నర గంటలు. ఐదు గంటల తేడా! వేగంగా నడవడం మీద జనం పెట్టే శ్రద్ధలో సగం కుర్చీలోంచి లేవడం మీద పెడితే చాలు అని నేను గట్టిగా నమ్ముతాను. టీ కప్పులో పోయించుకున్నావా, సీసా నింపావా, రెండు శాండ్‌విచ్‌లు చేతిలో పట్టుకున్నావా, నడు. తినడం నడుస్తూ కూడా అవుతుంది.

కొండల లెక్కకి నైస్మిత్ సూత్రం అని ఒకటి ఉంది, 1892 నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఆపైన ఎక్కిన ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఉదాహరణకి యార్క్‌షైర్ త్రీ పీక్స్ తీసుకో. పెనీగెంట్, వర్న్‌సైడ్, ఇంగిల్‌బరో, మూడు కొండలూ కలిపి దాదాపు 39 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,585 మీటర్లు. దూరానికి ఏడు ముప్పావు, ఎక్కుడికి రెండున్నర పైచిలుకు, మొత్తం పదిన్నర గంటలు. దాన్ని 12 గంటల్లో చేయాలన్నది ఆనవాయితీ కాబట్టి ఆగడానికి నీకు మిగిలేది గంటన్నరే. నీకు స్టాక్‌పోర్ట్ నుంచి అది దగ్గరే, మొదటి పెద్ద లక్ష్యంగా అదే పెట్టుకోమంటాను. ఎండాకాలం పొడుగు రోజుల్లో చెయ్యి.

కానీ అంతకన్నా ముందు చేయాల్సింది, మీ దగ్గర్లోని గ్రూపు వాళ్ళ ఆదివారం నడకకి వెళ్ళడం. ఇవి ఇంత టైములో పూర్తి చేయాలనే చాలెంజ్ ఈవెంట్లు కావు, మామూలుగా కలిసి నడిచేవి, ఎక్కువగా 30 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. ముందు ఒకరు దారి చూపిస్తారు, డబ్బులు ఏమీ ఉండవు. అక్కడ అరవైల్లో ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ గంటకి 5 కిలోమీటర్లు పోతుంటే ఎలా నడవాలో చూసి నేర్చుకోవచ్చు. ఆ తర్వాత 20, 25 మైళ్ళ ఈవెంట్లు, తర్వాత 30, తర్వాత 50. తొందర పడకు.

ఇంకొక్క మాట, చాలామంది పట్టించుకోనిది. ఈ ఈవెంట్లలో బాణం గుర్తులు ఉండవు. నీ చేతికి ఒక రూట్ డిస్క్రిప్షన్ ఇస్తారు, అంతా పొడి అక్షరాల్లో ఉంటుంది. టీఎల్ అంటే ఎడమకి తిరుగు, టీఆర్ అంటే కుడికి, ఎఫ్‌పీ అంటే ఫుట్‌పాత్, ఇక్కడ పొలాల్లోంచి పోయే కాలిబాట అని అర్థం. "150 మీటర్లకి స్టైల్ దాటి టీఎల్, కంచె కుడి పక్కన ఉంచుకుని నడువు" అనే ధోరణిలో పేజీలకి పేజీలు. స్టైల్ అంటే పొలం కంచె దాటడానికి కట్టిన మెట్లు. జీపీఎస్ వాడినా సరే ఆ కాగితం చదవడం, ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ సంస్థ వేసే 1:25,000 మ్యాపులో ఆకుపచ్చ చుక్కల గీతలు ఎటు పోతున్నాయో చూడడం నేర్చుకో. ఫోన్ చలికి చచ్చిపోతుంది, కాగితం చావదు. ఇంగ్లండ్‌లో ఆ ఆకుపచ్చ గీత ఎవరి పొలంలోంచి పోయినా అందులో నడిచే హక్కు చట్టప్రకారం నీకుంది కాబట్టి మొహమాటం అక్కర్లేదు. దూడలతో ఉన్న ఆవుల మంద కనిపిస్తే మాత్రం దూరంగా చుట్టు తిరిగి వెళ్ళు, మన ఊరి ఆవుల్లా అనుకోకు.

---

లీడ్స్_లక్ష్మి

బాబాయ్ గారు అన్నీ చెప్పేశారు, కాళ్ళ సంగతి నేను చెప్తాను. నేను నర్సుని, ఈ ఈవెంట్లలో నడిచాను, వాలంటీర్‌గా చెక్‌పాయింట్లలో కూర్చున్నాను కూడా. మధ్యలో మానేసేవాళ్ళలో "ఇక ఊపిరి ఆడట్లేదు" అని మానేసేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పాదాలు పాడైపోయి మానేస్తారు, లేదంటే పొట్ట తిప్పి ఏమీ తినలేక మానేస్తారు.

బూట్లు: షాపుకి సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. నడిచేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకుని చూడండి. బొటనవేలి ముందు వేలి మందం జాగా ఉండాలి, దిగుడులో వేళ్ళు ముందుకి తగలకూడదు. తగిలితే గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి. తోలు బూట్లే ఉండాలని రూలేమీ లేదు, చాలామంది తేలికపాటి ట్రెయిల్ షూలలోనే నడుస్తున్నారు, తడిసినా తొందరగా ఆరుతాయి. ఏ బ్రాండ్ అని మాత్రం ఎవర్నీ అడక్కండి, ఒక్కొక్కరి పాదం ఒక్కోలా ఉంటుంది.

బొబ్బ అనేది రాత్రికి రాత్రి రాదు. ముందు ఒకచోట వేడిగా, మంటగా అనిపిస్తుంది. ఆ క్షణాన ఆగాలి, "తర్వాతి చెక్‌పాయింట్‌లో చూద్దాం" అనుకోకూడదు. గట్టు మీద కూర్చుని షూ విప్పి, పాదం తుడిచి ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ టేపు ముడత లేకుండా అంటించి, అంచులు గుండ్రంగా కత్తిరించాలి, కోణాలు ఉంటే సాక్సుకి పట్టి లేచిపోతాయి. దీనికి ఐదు నిమిషాలు. చెయ్యకపోతే ఆ పూటకి మీ నడక అయిపోయినట్టే. వానలో గంటల తరబడి నడిస్తే చర్మం నాని తెల్లగా ముడతలు పడుతుంది, అలాంటి చర్మం చిన్న ఒరుపుకే చీరిపోతుంది. అందుకే పొడి సాక్సులు బ్యాగులో రెండు జతలు, ప్లాస్టిక్ సంచిలో కట్టి. తొడల మధ్య, చంకల కింద ఒరుసుకుపోతుంది, ముందే వాజ్‌లీన్ రాసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇప్పుడు మీ షుగర్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ, గ్లిక్లజైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళకి గంటల తరబడి నడిస్తే పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది, వాళ్ళు డోసు సంగతి డాక్టర్‌తో మాట్లాడకుండా బయల్దేరకూడదు. మీరు కూడా 30 కిలోమీటర్లు దాటే ముందు ఒకసారి మీ జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టర్‌కి, చెప్పండి, పాదాల పరీక్ష చేయించుకోండి. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉంటే, నేను పైన చెప్పిన ఆ మంట మీకు తెలియనే తెలియదు, పుండు అయ్యాక గానీ కనపడదు. స్పర్శ బాగానే ఉందని తేలితే ధైర్యంగా నడవండి, నడక మీ షుగర్‌కి మంచిదే.

తిండి విషయంలో దిగులు వద్దు. చెక్‌పాయింట్లు ఎక్కువగా ఊళ్ళోని విలేజ్ హాళ్ళలో ఉంటాయి, వంట చేసేదీ వడ్డించేదీ అంతా వాలంటీర్లే. చీజ్ శాండ్‌విచ్, జామ్ శాండ్‌విచ్, కేకు, బిస్కెట్లు, టీ, ఇంకా ఈ ఈవెంట్లకే పేరుపడ్డ రైస్ పుడింగ్, డబ్బా పీచ్ ముక్కలు వేసి ఇస్తారు. అర్ధరాత్రి చలిలో ఒణుకుతూ వచ్చి వేడి వేడి పాయసం తిన్నట్టే ఉంటుంది, షుగర్ ఉన్నా నడిచేటప్పుడు ఓ గరిటెడు తింటే ఖర్చైపోతుంది కానీ మీటర్ చూసుకోండి. గుడ్డు తినరు కాబట్టి కేకు అడిగి తినండి. కప్పు మాత్రం మనదే తీసుకెళ్ళాలి, చాలా చోట్ల కిట్ లిస్టులోనే ఉంటుంది. నేను పులిహోర చిన్న డబ్బాల్లో పెట్టుకెళ్తాను, తీపి తిని తిని మొహం మొత్తాక ఆ ఉప్పూ పులుపూ ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. మంచినీళ్ళే అదే పనిగా తాగకండి, ఒంట్లో ఉప్పు పలచబడితే తలనొప్పి, వికారం, మరీ ఎక్కువైతే ప్రాణం మీదకే వస్తుంది. దాహమేసినప్పుడు తాగండి, పక్కన ఉప్పు ఉన్నదేదైనా తినండి.

---

వైజాగ్_అబ్బాయి

నేను ఇంగ్లండ్ ఎప్పుడూ రాలేదు గానీ ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఊరే గుర్తొచ్చింది. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా 32 కిలోమీటర్లే అన్నా. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండంతా చుట్టి మళ్ళీ తొలిపావంచాకే రావాలి. లక్షల మంది, ఎక్కువమంది చెప్పుల్లేకుండానే. రోజూ నడిచే అలవాటు లేని ఆడవాళ్ళు, అమ్మమ్మలు కూడా తెల్లారేసరికి పూర్తి చేస్తారు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపండ్లు ఇచ్చేవాళ్ళే, కాళ్ళకి నూనె రాసేవాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి మామూలు మనిషికి 20 మైళ్ళు అవుతుందా అంటే అవుతుంది, నేను ఏటా కళ్ళారా చూస్తున్నాను.

నేను గమనించింది ఒకటే. మొదట్లో ఊపు మీద గబగబా పోయినవాళ్ళు ఎన్ఏడీ దాటాక ఫుట్‌పాత్ మీద కూలబడి ఉంటారు. పిల్లల్ని పక్కన పెట్టుకుని మాట్లాడుతూ ఒకే తీరున నడిచినవాళ్ళు వాళ్ళని దాటుకుని వెళ్ళిపోతారు. తారు రోడ్డు మీద అంతసేపు నడిస్తే అరికాళ్ళు మట్టి దారి కన్నా ఎక్కువ మండుతాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

నాకూ ఒక డౌట్: 50 మైళ్ళకి వెళ్ళాలంటే ముందు ప్రాక్టీసులో 50 మైళ్ళూ నడిచి చూడాలా?

---

నైమేఖన్_అక్క

అక్కర్లేదు తమ్ముడూ. నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, ఇక్కడి నైమేఖన్ ఫీర్‌దాఖ్‌సె గురించి చెప్తే నీకు జవాబు దొరుకుతుంది. 1909 నుంచి జరుగుతోంది, జులై మూడో మంగళవారం మొదలై శుక్రవారం దాకా నాలుగు రోజులు, వయసుని బట్టీ ఎంచుకున్నదాన్ని బట్టీ రోజుకి 30, 40 లేదా 50 కిలోమీటర్లు. నలభై వేల పైచిలుకు మంది నడుస్తారు. సైనికులు పది కిలోల బరువు మోసుకుని మరీ నడుస్తారు. చివరి రోజు ఊళ్ళోకి వచ్చే దారంతా జనం గ్లాడియోలస్ పూలు చేతిలో పెడతారు, ఊరు ఊరంతా రోడ్డు మీదే.

ఇక్కడ కష్టం ఒక్క రోజు దూరం కాదు, నిన్న నలిగిన కాళ్ళతో ఈ రోజు మళ్ళీ లేవడం. అందుకే మేం ప్రాక్టీసు కూడా అలాగే చేస్తాం. శనివారం 25 కిలోమీటర్లు నడిచి, ఆదివారం మళ్ళీ 25. మొత్తం దూరం ఒకేసారి నడిచి చూడాలనే పట్టుదల వద్దు, దాన్నుంచి కోలుకోవడానికే వారాలు పోతాయి. వారానికి కొద్దికొద్దిగా పెంచుతూ, మూడు నాలుగు వారాలకోసారి ఒక వారం తగ్గిస్తూ, ఈవెంట్‌కి ముందు పది రోజులు బాగా తగ్గించి వెళ్తే చాలు. 50 మైళ్ళకి వెళ్ళేవాడు 30 మైళ్ళు ఇబ్బంది లేకుండా పూర్తి చేసి ఉంటే మిగతాది ఆ రోజు వాతావరణం, తిండి, ఓపిక చూసుకుంటాయి.

ఎండని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. 2006లో ఇక్కడ మొదటి రోజు ఎండకి ఇద్దరు చనిపోయారు, మిగతా మూడు రోజులూ రద్దు చేశారు. యూరప్ ఎండ ఎంతలే అని మనవాళ్ళు అనుకుంటారు. నీడ లేని కట్ట మీద, గాలి ఆడని రోజున, ఎనిమిది గంటలు నడిచాక ఆ మాట అనరు. టోపీ, తడి గుడ్డ, ఉప్పు. తల తిరిగినా, చెమట పట్టడం ఆగినా అక్కడే కూర్చుని సాయం పిలవాలి.

---

స్టాక్‌పోర్ట్_నడక

అందరికీ పేరు పేరునా థాంక్స్. నేను ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. జీపీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, పాదాల పరీక్ష కూడా అడిగాను. మా దగ్గరి గ్రూపు ఆదివారం నడకలు కూడా చూశాను, ఒకటి బక్స్‌టన్ వైపు ఉంది, దానికి వెళ్తున్నాను.

మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించాను. ఆవిడ చదివి రెండు అడగమంది. రాత్రిపూట ఒంటరిగా ఉంటే ఏదైనా అయితే ఎవరికి తెలుస్తుంది? ఆడవాళ్ళు కూడా రాత్రిళ్ళు నడుస్తారా?

---

లీడ్స్_లక్ష్మి

వదిన గారికి నమస్తే చెప్పండి. నడుస్తారు, నేనూ నడిచాను.

ప్రతి ఒక్కరికీ ఒక ట్యాలీ కార్డు ఉంటుంది, ప్రతి చెక్‌పాయింట్‌లో దాని మీద గుర్తు వేసి మీరు వచ్చిన టైము రాసుకుంటారు. ఒక చెక్‌పాయింట్‌లో కనిపించి తర్వాతి దాంట్లో కనిపించకపోతే వెతకడం మొదలుపెడతారు. అందుకే మానేయాలనిపించినప్పుడు చెప్పకుండా బస్సెక్కి ఇంటికి పోవడం చాలా పెద్ద తప్పు, మీ కోసం చీకట్లో వాలంటీర్లు కొండలు గాలిస్తుంటారు. ఇక కొన్ని ఈవెంట్లలో, యార్క్‌షైర్ డేల్స్‌లో జరిగే ఫెల్స్‌మన్ లాంటి వాటిలో, చీకటి పడ్డాక ఎవర్నీ ఒంటరిగా వదలరు, చెక్‌పాయింట్ దగ్గరే జట్లు కట్టి పంపిస్తారు. తప్పనిసరి కాని చోట కూడా నేను చీకటి పడే ముందే నా వేగంతో నడిచే ఇద్దరు ముగ్గుర్ని చూసుకుని "మీతో రావచ్చా" అని అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. అలా రాత్రంతా పక్కపక్కన నడిచినవాళ్ళతో కలిగే చనువు వేరు. తలకి కట్టుకునే లైటు, దానికి ఇంకో జత బ్యాటరీలు, విజిల్, పల్చటి వెచ్చని జాకెట్, రేకు దుప్పటి, ఇవి లిస్టులో ఉన్నాయని కాదు, నిజంగా అవసరం పడతాయని పెట్టుకోండి. మే నెలాఖరులో ఇక్కడ చీకటి కొద్ది గంటలే, కానీ తెల్లవారుజామున మూడు నాలుగింటికి చలి, నిద్ర, దిగులు మూడూ కలిసి వస్తాయి. ఆ టైములో మానేద్దామనే నిర్ణయం తీసుకోకండి. తెల్లారాక ఏదైనా తిని అప్పుడు ఆలోచించుకోండి. గాయమైతే మాత్రం ఎప్పుడైనా సరే ఆగిపోవాల్సిందే.

మీ ఆవిడకి ధైర్యం రావాలంటే మార్గం ఒకటుంది. మీరు నడవడానికి ముందు ఇద్దరూ కలిసి ఏదైనా 50 మైళ్ళ ఈవెంట్‌కి వాలంటీర్లుగా వెళ్ళండి, రాత్రి చెక్‌పాయింట్ అడిగి తీసుకోండి. టీ పోస్తూ కూర్చుంటే ఎవరు ఎలా వస్తున్నారో, ఎవర్ని ఎలా చూసుకుంటున్నారో ఆవిడే చూస్తుంది. మీకూ 40 మైళ్ళు నడిచిన పాదం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి తెలుస్తుంది.

---

షెఫీల్డ్_బాబాయ్

లక్ష్మమ్మ చెప్పినదానికి ఒకటి కలుపుతాను, మీ ఇంట్లో ఇది కూడా మాట్లాడుకోండి. నడక అయిపోయాక కారు నడిపి ఇంటికి రావద్దు. రాత్రంతా మేలుకున్న మనిషి స్టీరింగ్ ముందు కూర్చోవడం ఆ పొలాల్లో చీకటి కన్నా చాలా ప్రమాదం. రాత్రంతా సాగే పెద్ద ఈవెంట్లలో సాధారణంగా ముగింపు దగ్గర హాల్లో పడుకోనిస్తారు, పేరు ఇచ్చేటప్పుడే అడిగి పెట్టుకో. స్లీపింగ్ బ్యాగు, చాప కారులో ఉంచుకో. నాలుగైదు గంటలు నిద్రపోయి, తిని, అప్పుడు బయల్దేరు. లేదా రైలుకి వెళ్ళు, ఇంకా మంచిది. బక్స్‌టన్ నడకకి స్టాక్‌పోర్ట్ నుంచి నేరుగా రైలుంది, ఆదివారం టైములు వేరుగా ఉంటాయి, ముందు రోజే చూసుకో.

వెళ్ళొచ్చాక ఇక్కడే రాయి, ఎన్ని కిలోమీటర్లకి కాలు ఎక్కడ మండిందో వివరంగా రాస్తే సాక్సులదా, లేసు బిగింపుదా, అరికాలి అట్టదా లక్ష్మమ్మా నేనూ చూసి చెప్తాం.